ఆటగాడగు బాలుడు – గుణదోషవిచారము

ఏటేట ఈ సంచికలో క్రీడల పుట యొకటి యుండును. గెలిచిన పందెములు, వచ్చిన కప్పులు, ఆడినవారి ఛాయాచిత్రము, ఇవియే అందు కనబడును. ఓటమి యేల కలిగెనో, ఎవని లోప మెట్టిదో వ్రాయు నాచారము లేదు. ఈ యాచారము మర్యాదయే గాని మేలు చేయునది కాదని మా యభిప్రాయము. బాలుని పొగడుట సులభము. వాని లోపమును వానికి ప్రేమతో తెలిపి దిద్దుట కష్టము. పెద్దలు చేయవలసినది ఈ రెండవ పనియే.

మా యెదుట నున్న యుదాహరణమునే చెప్పెదము. అంతర్వేదినుండి మన పాఠశాలకు వచ్చు బాలు డొకడు బాస్కెట్‌బాలు ఆడుచున్నాడు. వాని పేరు వ్రాయము. వ్రాసినచో పొగడ్తయో నిందయో వానికంటె ముందుగా వాని యింటికి చేరును. సముద్రపుటొడ్డున ఇసుకలో పరుగెత్తి గట్టిపడిన కాళ్లు వానివి. ఎత్తరి, ఎగిరెనా, బంతి వానిదే. పది నిమిషములు వాని యాట చూచినవారందరును మెచ్చుకొని పోవుదురు. మేము సంవత్సరము పొడుగునను చూచితిమి గనుక మరికొన్ని సంగతులు కూడ నెరుగుదుము. వాని యెడమచేయి ఆటలో లేనట్లే; ప్రతిపక్షులు కుడివైపు నడ్డగించినచో అచ్చటనే నిలిచిపోవును. బంతి చేత జిక్కినచో తోడివాని కందింపడు. పదునైదడుగుల దూరమున నిలిచి, అడ్డువచ్చువాడు లేకయే వేయు ఫ్రీ త్రోలలో సగమైనను బుట్టలో పడవు. ఫౌలు పిలిచినచో మొగము ముడుచుకొని కొంతసేపు ఆటనే మరచును.

ఇవి ఉపేక్షింపదగిన లోపములు కావు. నేడు వాడు తన యీడువారిని ఎత్తుచేత గెలుచుచున్నాడు. రేపు తనంతటి యెత్తరులే యెదురైనప్పుడు ఆ బలము సరికి సరి యగును. మిగులునది నేర్పు మాత్రమే. ఈ యాట పుట్టుకయే ఇందుకు సాక్షి. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున, వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో, దైవశాస్త్రము చదివిన జేమ్సు నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు దీనిని కల్పించెను. బంతి పట్టుకొని పరుగెత్తరాదనియు, ఒకరినొకరు తోయరాదనియు నియమించి, బుట్టను పదియడుగుల యెత్తున కట్టించెను. మోటుబలమునకు గాక నేర్పునకు పెద్దపీట వేయుటయే ఆయన యుద్దేశము. 1920లో హెచ్.సి. బక్ దొర మద్రాసున స్థాపించిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో చదివిన ఉపాధ్యాయులు ఇట్టి యాటలను దక్షిణదేశపు పాఠశాలలకు గొనిపోయిరి.

ఆట వేరైనను, లోపమును దిద్దుకొనుట యెట్లో తెలుపు నిదర్శనము మన కోనసీమలోనే కలదు. రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజు 2000వ సంవత్సరమున అమలాపురమున జన్మించెను. తండ్రి కాశీ విశ్వనాథముగారు వ్యాయామోపాధ్యాయులు. 2014లో ఆ బాలుడు హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరెను. బొంబాయి యువకుడగు చిరాగ్ శెట్టితో ఆయనను జంటగా కూర్చినవాడు మలేషియా దేశపు శిక్షకుడు టాన్ కిమ్ హర్. ఆ యిద్దరును వెనుకనుండి బలముగా కొట్టువారే. వలకడ నిలువదగినవాడు లేడు. చిరాగ్ తన యలవాటు మార్చుకొని వలకడ యాటను నేర్చినందుననే ఆ జంట నిలిచెను. తోడివాని కొరకు తన యిష్టమును కొంత విడుచుట యెంతటి బలమో మన బాలురు దీనివలన గ్రహింపవలెను.

2023లో జపానున సాత్విక్ కొట్టిన దెబ్బకు షటిల్ గంటకు 565 కిలోమీటర్ల వేగమున పోయెనని గిన్నిసు వారు నమోదు చేసిరి. ఈ సంగతి మన బాలు రందరికిని కంఠస్థము. వారు తలపోయని సంగతు లింకను కలవు. మలేషియాకు చెందిన ఆరన్ చియా, సో వూయి యిక్ అను జంట చేతిలో వీరు వరుసగా ఎనిమిది మారులు ఓడిరి. తొమ్మిదవ మారు, 2023 జూనులో, ఇండోనేషియా ఓపెన్ తుదిపోటీలో గెలిచిరి. ఆ యేటనే ఆసియా క్రీడలలో స్వర్ణమును, ప్రపంచమున ప్రథమస్థానమును పొందిరి. 2024లో పారిసు ఒలింపిక్సునందు అదే మలేషియా జంటపై మొదటి ఆటను 21–13తో గెలిచియు, తక్కిన రెంటిని పోగొట్టుకొని పతకము లేకయే మరలిరి. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రిగారు కాలధర్మము నొందిరి. ఆ యాగస్టున, అదే పారిసున, ప్రపంచ పోటీలలో ఆ జంటనే ఓడించి కాంస్యపతకము గైకొనిరి. ఎనిమిది ఓటములలో ప్రతిదానిని పాఠముగా చదివినవారికే తొమ్మిదవ నాటి గెలుపు దక్కును. వేగమొక్కటియే చాలినచో ఆ యెనిమిది ఓటములు కలుగకనే పోవును గదా!

ఇక మన బాలుని మాట. వాని తండ్రి సముద్రముపై వేటకు పోవువాడు. "ఆట కూడు పెట్టునా అయ్యగారూ? పడవకు చేయి కావలెను" అని మాతో ననెను. ఆ మాట తేలికగా కొట్టివేయదగినది కాదు. వానికి పతకము వచ్చుననిగాని, ఉద్యోగము దొరకుననిగాని మేము వాగ్దానము చేయము, చేయుట అబద్ధమగును. మేము కోరునది ఇంతే: పదవ తరగతి ముగియువరకు సాయంకాలమున ఒక్క గంట వానికి విడువవలెను. ఓడియు మరునాడు మరల గీతకడ నిలుచుట నేర్చినవానికి ఆ నేర్పు పడవలోనైనను, పరీక్షలోనైనను పనికివచ్చును.

తప్పు మా వైపునను కలదు. కప్పుపై నాశచేత ప్రతి పందెములోను వానినే ముందునకు త్రోసితిమి. గెలుచుచున్నాడు గదా యని యెడమచేతి సంగతి విచారింపమైతిమి. తక్కిన బాలురను గట్టున కూర్చుండబెట్టితిమి. తోడివానికి బంతి నందింపడని వానిని నిందించుటకు ముందు, అందింపవలెనని మేమెన్నడైన నేర్పితిమా యని మమ్ము మేమే ప్రశ్నించుకొనవలెను.

తలాంతును భూమిలో దాచిన దాసుని ఉపమానము మనమందరము విన్నదే. దాచుట తప్పే. కాని ఆ తలాంతును మాటిమాటికి తీసి నలుగురికి చూపి మురియుటవలనను అది వృద్ధిచెందదు. దానితో పని చేయవలెను.

కావున నేటినుండి వానికొక నోటుపుస్తక మిచ్చితిమి. దినమునకు పావుగంట యెడమచేతితో మాత్రమే సాధన. ఏబది ఫ్రీ త్రోలు, అందు పడిన వెన్నో లెక్క. ఆడిన పందెములో తోడివారి కందించిన బంతు లెన్నో లెక్క. పాఠములు వెనుకబడిన వారమున పందెము లేదు. తల్లిదండ్రులు నెలకొకసారి ఆ పుస్తకమును చూడవలెనని మా మనవి. దేవుడు చిత్తమైనచో వచ్చు సంవత్సరపు సంచికలో కప్పుల లెక్కతోపాటు ఆ పుస్తకపు లెక్కయు ప్రకటింప గోరుచున్నాము.