కాకి – ఎలుక చెలిమి

బెంగళూరు తూర్పు భాగాన ఉన్న కుందలహళ్ళిలో కన్నడం, తెలుగు, తమిళం మాట్లాడే కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తాయి. అక్కడి పసిపిల్లలకు బొమ్మల పుస్తకం ఎటువంటి స్నేహాన్ని చూపాలి?

కొన్ని పుస్తకాలలో పిల్లి, ఎలుక మొదటి పుటలోనే కలిసి ఆడుకుంటాయి. చూడటానికి ముచ్చటే. కాని స్నేహం అంత సులభంగా కుదురుతుందా?

పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’లోని మిత్రలాభాన్ని చూడండి. కాకి చెలిమి కోరగానే ఎలుక ఒప్పుకోదు. ఎలుక కాకికి ఆహారం కదా! కాకి మనసు తెలిసిన పిమ్మటనే దానిని నమ్ముతుంది. తరువాత లేడి ఉచ్చులో చిక్కినప్పుడు కాకి ఎగిరి జాడ తీస్తుంది. ఎలుక ఉచ్చును కొరికి విడిపిస్తుంది. కాకి కాకిగానే, ఎలుక ఎలుకగానే ఉండి మిత్రునికి తోడ్పడ్డాయి.

ఎలుక భయాన్ని దాచిన పుస్తకం పిల్లలకు సగం కథే చెబుతుంది. వేరే భాష మాట్లాడే పొరుగుపిల్లవానిని చూసి మొదట జంకడం తప్పు కాదు. ఆ జంకుతోనే ఆగిపోవడం తప్పు. స్నేహం కోసం ఎవరూ తమ భాషను వదులుకోనక్కరలేదు. ఈ సంగతిని బొమ్మలలో చూపిన పుస్తకమే పసివారికి నిజమైన నేస్తం.