అరవై రోజుల నోటీసు



నార్త్ కరోలినాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు ఈ ఉత్తరం. మన దేశంలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కేరీలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీరున్న ఈ రాష్ట్రంలోనే నదుల కోసం ఎంత పోరాటం జరిగిందో మీలో చాలామందికి తెలియదని అర్థమై రాస్తున్నాను.

బొగ్గు కాల్చాక మిగిలిన బూడిదను నీళ్లతో కలిపి పైపుల్లో బూడిద చెరువుకు, అంటే యాష్ పాండ్‌కు పంపుతారు. ఆర్సెనిక్, సెలీనియం, పాదరసం, సీసం అందులోనే ఉంటాయి. చెరువు అడుగున పొర వేయకపోతే అవి మెల్లగా భూగర్భ జలాల్లోకి దిగుతాయి. కేంద్రం మూతపడినా బూడిద ఎక్కడికీ పోదు. ఈ రాష్ట్రంలోని ఈడెన్ ఊళ్లో విద్యుత్ కంపెనీ డ్యూక్ ఎనర్జీ తన బొగ్గు యూనిట్లను 2012లో ఆపేసింది. 2014 ఫిబ్రవరి 2, ఆదివారం నాడు అక్కడి బూడిద చెరువులో నీటిమట్టం పడిపోయిందని ఒక సెక్యూరిటీ గార్డు గమనించాడు. చెరువు కిందుగా పోయే 48 అంగుళాల వాననీటి గొట్టం విరిగిపోయింది. దాదాపు 39 వేల టన్నుల బూడిద డాన్ నదిలో కలిసింది. దిగువన, వర్జీనియాలో, డాన్‌విల్ జనానికి తాగునీరు ఆ నదే. 70 మైళ్ల పొడవునా బూడిద మేట వేసింది. అందులో చాలా కొద్ది భాగమే తిరిగి తీయగలిగారు.

చెరువు కింది గొట్టాల్లోకి కెమెరా పంపి చూద్దామని అక్కడి సిబ్బంది 2011లో అడిగారు, 2012లో మళ్లీ అడిగారు. ఖర్చు కొన్ని వేల డాలర్లు. పైవాళ్లు కాదన్నారు. కంపెనీ స్వయంగా కోర్టులో ఒప్పుకున్న సంగతి ఇది. ప్లాంటు పని తెలిసిన నాకు అది చదివిన రాత్రి కంటిమీద కునుకు పడలేదు. అడిగినవాళ్లకు ఆ ముప్పు తెలుసు కదా!

పిల్లలూ, అసలు చెప్పదలచుకున్నది ఇక్కడుంది. గొట్టం విరగడానికి ఏడాది ముందే ఈ రాష్ట్రంలో నదుల మీద మమకారమున్నవాళ్లు కదిలారు. అమెరికా పరిశుభ్ర జలాల చట్టం పౌరులకు ఒక హక్కు ఇచ్చింది. నదిని పాడుచేస్తున్నవారికి, ప్రభుత్వానికి నోటీసు ఇచ్చి 60 రోజులు ఆగాలి. ప్రభుత్వం కదలకపోతే పౌరులే దావా వేయవచ్చు. 2013లో సదరన్ ఎన్విరాన్‌మెంటల్ లా సెంటర్ లాయర్లు స్థానిక సంఘాల తరఫున ఆ నోటీసులు ఇచ్చారు. వాటిలో ఒకటి డ్యూక్ వారిదే అయిన రివర్‌బెండ్ కేంద్రం గురించి. షార్లెట్‌లో ఉన్న పిల్లలు గుర్తు పెట్టుకోండి, ఆ కేంద్రం పక్కనున్న మౌంటెన్ ఐలాండ్ సరస్సు నీళ్లే మీ కుళాయిల్లోకి వస్తాయి.

గడువు తీరేలోపే రాష్ట్రం తానే దావా వేసి, 99,111 డాలర్ల జరిమానాతో రాజీకి సిద్ధపడింది. బూడిద తరలించాలన్న షరతే అందులో లేదు. సంఘాలవాళ్లు ఊరుకోలేదు. డాన్ నది ఘటన తర్వాత రాష్ట్రం ఆ రాజీని వదులుకుంది. 2015లో డ్యూక్ అనుబంధ సంస్థలు తొమ్మిది నేరాలు ఒప్పుకుని 10.2 కోట్ల డాలర్లు కట్టాయి. మరో ఐదేళ్ల వ్యాజ్యాల తర్వాత, 2020 జనవరిలో ప్రకటించిన ఒప్పందంలో ఆరు కేంద్రాల నుంచి దాదాపు 8 కోట్ల టన్నుల బూడిద తవ్వి తీయడానికి కంపెనీ అంగీకరించింది. ఆ ఖర్చులో పెద్ద వాటా కరెంటు బిల్లుల మీద పడడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మన దేశంలోనూ దారి ఉంది. 2010 చట్టం కింద ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు ఎవరైనా వెళ్లవచ్చు. నష్టపరిహారం కోరని దరఖాస్తుకు రుసుము వెయ్యి రూపాయలే. కానీ సమస్య తలెత్తిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఊరి చెరువులో నీళ్లు తెల్లబడ్డాయని అమ్మానాన్నలు ఫోన్‌లో చెబితే, ఆ రోజే తేదీతో ఫొటో తీయించండి.

ఇక్కడున్నవాళ్లకు ఇంకో మాట. ప్లాంట్ల నీటి పర్మిట్లు గడువు తీరి తిరిగి ఇచ్చేటప్పుడు ముసాయిదా మీద ప్రజల అభిప్రాయం అడుగుతారు. రాసి పంపండి. పౌరసత్వం లేదని వెనకాడకండి, ఆ నీళ్లు మీరూ తాగుతున్నారు. ఆ ముసాయిదాల్లో అంకెలు అర్థం కాకపోతే నా దగ్గరికి తీసుకురండి, కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య