గడియారం దగ్గరే తొలి పాఠం

ఆంగ్లోపాధ్యాయుడిగా ఇథియోపియాలో అడుగుపెట్టినవారిని ముందుగా తికమకపెట్టేది భాష కాదు, గడియారం. అక్కడ పగటి గంటల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మన ఉదయం 7 గంటలు వారికి 1 గంట. మన 9 వారికి 3. “పాఠం మూడింటికి” అన్న మాట నమ్మి మధ్యాహ్నం వెళ్లినవారికి ఖాళీ గదే స్వాగతమిస్తుంది. “ఏ లెక్కన?” అని అడగడం అక్కడ నేర్వవలసిన మొదటి ప్రశ్న. పంచాంగమూ వేరే: ఏడాదికి 13 నెలలు, మనకన్నా ఏడెనిమిదేళ్లు వెనుక.

తెలుగువారికి ఊరట లేకపోలేదు. టెఫ్ పిండిని పులియబెట్టి పోసే ఇంజెరా మన దోసెకు దూరపు చుట్టం. అమ్హారిక్ లిపిలో ప్రతి హల్లుకూ అచ్చును బట్టి 7 రూపాలు; మన గుణింతం వంటిదే.

ఉన్నత పాఠశాలలో గణితం, విజ్ఞానశాస్త్రం కూడా ఆంగ్లంలోనే బోధిస్తారు. ఆంగ్లం అందని విద్యార్థికి మిగిలిన చదువూ అందదు. కనుక అతని మౌనాన్ని మందబుద్ధిగా ఎంచరాదు. ఉపాధ్యాయుడు రోజుకు నాలుగు అమ్హారిక్ మాటలు నేర్చి, తరగతిలో తడబడుతూనైనా పలకాలి. గురువు తడబాటుకు సిగ్గుపడని చోట శిష్యుడు నోరు విప్పడానికి వెరవడు.