ఊపిరికి విద్యుత్తు ఊతము

గుంటూరు యార్డునుండి మిర్చి బస్తాలతో తాడేపల్లి మీదుగా బెజవాడవైపు సాగు లారీపైనుండి జారిపడిన హమాలీకైనను, మోకు తెగి తాటిచెట్టు మొవ్వునుండి కూలిన గీతకార్మికునికైనను మెడవెన్ను విరిగినచో, ప్రాణము దక్కినదని బంధువులు నిట్టూర్చునంతలోనే ఊపిరియు వశము దప్పినదను పిడుగువంటి మాట వినవలసిరావచ్చును.

ఊపిరి నడుపు ఉదరవితానమునకు, అనగా వైద్యులు డయాఫ్రమ్ అను కండపొరకు, మెడలోని వెన్నుపాము మూడు, నాలుగు, ఐదవ భాగములనుండి నాడి వచ్చును. గాయము అంతకు పైన తగిలినప్పుడు మెదడు ఆజ్ఞ దానికి చేరదు గాని, నాడియు కండయు చెడకయే యుండవచ్చును. స్తంభమువద్ద తీగ తెగినంతమాత్రమున బోరు మోటారును పాఱవేయు రైతు కలడా?

ఈ యూహతోనే యేల్ విశ్వవిద్యాలయమున విలియం గ్లెన్ 1960లలో నాడికి విద్యుత్తు నిచ్చి శ్వాస నడిపించెను. 1995లో గుఱ్ఱముపైనుండి పడి మెడ విరిగిన నటుడు క్రిస్టఫర్ రీవ్‌కు 2003లో క్లీవ్‌లాండునందు రేమండ్ ఆన్డర్స్, పొట్టపై చిన్న రంధ్రములద్వారా ఆ కండలోనే తీగలమర్చగా, రీవ్ కొంతసేపు వెంటిలేటరు లేకయే ఊపిరి పీల్చెను; గాలి ముక్కుగుండా పోవుటచే వాసనలును తెలిసెను. 2008లో ఈ సాధనమునకు అమెరికా ప్రభుత్వ అనుమతి లభించినది. నాడి మొదలే చితికినవారికి ఇది పనికిరాదు. యంత్రము ఊదుచుండగా సోమరియై క్షీణించిన కండకు మొదట నిమిషములతో ఆరంభించి వారములపాటు అలవాటు చేయవలెను.

కరెంటు పోయి వెంటిలేటరు ఆగిన రేయి మెడగొట్టమునకు రబ్బరుసంచి తగిలించి, తెల్లవాఱువఱకు భర్తకు ఊపిరి పిసికిన ఇల్లాలి నొకతెను నేనెఱుగుదును. పొద్దుటికి ఆమె వ్రేళ్లు ముడుచుకొనలేదు.

మెడ క్రిందిభాగమున దెబ్బతిన్నవారికి ఊపిరి యున్నను దగ్గునకు బలము చాలదు. కఫము పేరుకొని న్యుమోనియా వచ్చును. పొట్టపై అంటుపట్టీలుంచి, గాలి వదలు క్షణమున కండలను విద్యుత్తుతో బిగింపజేసినచో దగ్గునకు బలము చేకూరును. దీనికి శస్త్రచికిత్సయే అక్కఱలేదు.

ఇట్లు మంచము పట్టినవారికి మన రాష్ట్రప్రభుత్వము 2024 నుండి నెలకు 15,000 రూపాయల పింఛను నిచ్చుచున్నది. అది మేలైన పనియే. అయినను ఊపిరి తిరిగివచ్చు అవకాశమున్నదో లేదో చూడకయే మనిషిని మంచమునకు అప్పగించుట న్యాయము కాదు. మంగళగిరి ఎయిమ్సునందును, గుంటూరు ప్రభుత్వాసుపత్రియందును అట్టి ప్రతి రోగికిని, వెంటిలేటరుతో ఇంటికి పంపకమునుపే ఉదరవితానపు నాడికి పరీక్ష జరుగవలెను. తగినవారికి సాధనపు ఖర్చును ఎన్టీఆర్ వైద్యసేవ పథకము భరింపవలెను. పట్టీలుంచి దగ్గు రప్పించు విధమును ఫిజియోథెరపీ గదిలోనే ఇంటివారికి చేతులుపట్టి నేర్పవలెను.