అడగకముందు అన్నం, అడిగాకే సువార్త

మేము నాందేడ్‌లోనూ, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ తాలూకాల్లోనూ ఉంటున్న తెలుగు క్రైస్తవులం. మాలో రైల్వే ఉద్యోగులున్నారు, మగ్గం వదిలి కూలికి వెళ్తున్నవాళ్లున్నారు, ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లు, నర్సులు, టీచర్లు ఉన్నారు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, డ్యూటీలో హిందీ. అందరం ఒకే సంఘానికి చెందినవాళ్లం కాదు. కొందరం పెద్ద చర్చీలకు వెళ్తాం, కొందరం ఇళ్లలోనే కూడుకుంటాం. 2020, 2021లో మా కళ్లతో చూసినవన్నీ కూర్చుని మాట్లాడుకున్నాం. రేపు మళ్లీ అలాంటి రోగం వస్తే ఎలా నడుచుకోవాలో ఇప్పుడే రాసిపెట్టుకుంటున్నాం. రోగం ఇంట్లోకి వచ్చాక ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

మంచం పట్టిన మనిషికి మేమిచ్చే అన్నానికి, మందుకు, మోసే పాడెకు ధర ఉండకూడదు. ఈ ప్రణాళికలో మిగతాదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడింది. ధరంటే డబ్బొక్కటే కాదు. ఆదివారం కూడికకు రమ్మనడం ధరే. నలుగురి ముందు సాక్ష్యం చెప్పమనడం ధరే. 'మీ దేవుడే కాపాడాడు' అని ఆ మనిషి నోటితో అనిపించుకోవాలని చూడటం కూడా ధరే.

మా విశ్వాసాన్ని దాచుకోం. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఈ దేశంలో అందరికీ ఇచ్చింది. ప్రచారం చేసే హక్కు ఉందంటే ఎదుటివాణ్ణి మార్చే హక్కు ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. అయితే మేము పెట్టుకున్న హద్దు కోర్టుకు భయపడి పెట్టుకున్నది కాదు. ఊపిరాడక, ఆకలితో, అప్పుతో ఉన్న మనిషి మనల్ని 'వద్దు, వెళ్లండి' అనలేడు. అలా అనలేని స్థితిలో ఉన్నవాడి దగ్గర సువార్త చెబితే అతను వింటున్నాడో, సహిస్తున్నాడో మనకెలా తెలుస్తుంది? యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుని కథలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడికి ఆ సమరయుడు గాయాలు కట్టాడు, సత్రానికి చేర్చాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు. ఏ కొండ మీద ఆరాధించాలో బోధించినట్టు ఆ కథలో ఎక్కడా లేదు.

అందుకని మంచం దగ్గర బోధించం. రేషన్ సంచిలో కరపత్రం పెట్టం. ఆ మనిషి లేచి తిరిగి, తన ఇంటి గుమ్మంలో నిలబడి, 'అక్కా, మాకేమీ కానివాళ్లు మీరు, ఎందుకింత చేశారు?' అని అడిగిన రోజున మాత్రం తడబడకుండా చెబుతాం. ప్రభువు మమ్మల్ని ప్రేమించాడని నమ్ముతున్నాం, అందుకే వచ్చాం అంటాం. ఇంకా వినాలంటే అతనే అడుగుతాడు. వద్దనుకుంటే ఆ మరుసటి వారం కూడా సంచి అదే ఇంటికి వెళ్తుంది. ఎవరైనా తమంతట తాము ప్రార్థన చేయమని కోరితే ఇంట్లోవాళ్ల సమ్మతి అడిగి, నెమ్మదిగా, రెండు నిమిషాల్లో చేస్తాం. ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. రోగి ఫొటో, ఏడుస్తున్న తల్లి ఫొటో, సంచి అందుకుంటున్న చేతుల ఫొటో ఏ గ్రూపులోనూ కనిపించకూడదు. ఎడమ చేతికి తెలియకుండా కుడి చేత్తో ఇవ్వమన్న ప్రభువు ఆజ్ఞ సెల్‌ఫోన్ కాలానికి చెల్లదని ఎవరూ వాదించకండి.

సంచి సంగతి వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే మాట తప్పేది సంచి దగ్గరే. జొన్నపిండి, బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, కారం, ఉల్లిగడ్డలు, సబ్బు, ఆడవాళ్లున్న ఇంటికి ప్యాడ్లు. నోటుబుక్కులో పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, చంటిపిల్లలున్నారా, బీపీ, షుగర్ మందులు వాడుతున్నారా అన్న గడులుంటాయి. మతం గడి ఉండదు, కులం గడి ఉండదు. ముందు మన విశ్వాసులకిచ్చి, మిగిలితే బయటివాళ్లకు అన్న వరస కూడా ఉండదు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇల్లే ముందు. ఈ విషయంలో మా సంఘ పెద్దల మధ్య వాదన గట్టిగానే జరిగింది. కానుక వేసిన మన పేదలకే మొదటి హక్కని కొందరన్నారు. ఆ బాధ మాకు తెలుసు. అయినా ఆకలినే కొలతగా పెట్టుకున్నాం.

మతం చూడకుండా చేసే ఈ సేవ మాతో మొదలైంది కాదు. నాందేడ్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలు బాసర, నిజామాబాద్ దాటాక డిచ్‌పల్లి స్టేషన్ మీదుగా పోతుంది. అక్కడ స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి తెరిచారు. ఊళ్లు వెలివేసినవాళ్లను చేర్చుకుని వైద్యం చేశారు. ఆ ఆసుపత్రికి పెద్ద విరాళం ఇచ్చిన రాజా నర్సా గౌడ్ హిందువు. ఇది మా పెద్దలు గర్వంగా చెప్పుకునే చరిత్ర. ఆమె విశ్వాసం, ఆయన దాతృత్వం కలిస్తేనే ఆ మంచాలు పడ్డాయి. ఇక ఇదే మహారాష్ట్రలో, 1897 పుణె ప్లేగులో, రోగం సోకిన పిల్లవాణ్ణి వైద్యానికి చేర్చి, అదే రోగంతో సావిత్రీబాయి ఫూలే కన్నుమూశారు. ఆమె క్రైస్తవురాలు కాదు. కరుణ మా సొత్తన్నట్టు మాట్లాడే హక్కు మాకు లేదు.

నాందేడ్‌లో ఉండి హజూర్ సాహిబ్ గురుద్వారా లంగర్ (ఉచిత అన్నశాల) గురించి మాట్లాడకపోతే అన్యాయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టేసరికి పంజాబ్ యాత్రికులు వేలమంది ఇక్కడ చిక్కుకుపోయారు. వాళ్ల కోసం, ఊళ్లో పేదల కోసం అక్కడి పొయ్యిలు ఆరకుండా వెలిగాయి. నాగపూర్–హైదరాబాద్ రహదారి మీద, యవత్మాల్ జిల్లా కరంజి దగ్గర, 80 దాటిన బాబా కర్నైల్ సింగ్ ఖైరా దారిన నడిచిపోయే కూలీలకు రోజుల తరబడి అన్నం పెట్టారు. ఆ దారిన నడిచినవాళ్లలో మన తెలుగువాళ్లెందరో! ఏప్రిల్ చివర బస్సుల్లో పంజాబ్ చేరిన యాత్రికుల్లో చాలామందికి కోవిడ్ తేలింది. వెంటనే రోగం అంటించినవాళ్లు వీళ్లేనన్న మాటలు పుట్టాయి. అంతకుముందు అవే మాటలు తబ్లిగీ జమాత్ కూడికకు వెళ్లిన ముస్లింల మీద పడ్డాయి. వాళ్లను బలిపశువుల్ని చేశారని బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చేసరికి ఫార్వర్డ్ మెసేజీలు ఎన్ని ఇళ్లు చుట్టొచ్చాయో!

మా నియమం ఇది: ఏ మతంవాళ్లో, ఏ ఊరివాళ్లో రోగం తెచ్చారని చెప్పే మెసేజ్ మా గ్రూపుల్లో పెట్టినవాళ్లకు పెద్దలు ఆ రోజే ఫోన్ చేసి తీయించాలి. అలాగే లంగర్‌లో గిన్నెలు తోమడానికి, మసీదు కమిటీవాళ్లు పెట్టే ఆక్సిజన్ సిలిండర్లు మోయడానికి మనవాళ్లు వెళ్లాలి. అక్కడ మన బోర్డు కట్టకూడదు.

ఇక స్వస్థత మాట. దేవుడు బాగుచేస్తాడని నమ్ముతాం, ప్రార్థిస్తాం, ఉపవాసం ఉంటాం. కానీ 'ఈ నూనె రాసుకో, టీకా అక్కర్లేదు', 'విశ్వాసం ఉంటే మాస్కెందుకు' అనే బోధకుడు ఎంత పేరున్నవాడైనా మా వేదిక ఎక్కడు. ప్లేగు వస్తే పారిపోవచ్చా అని అడిగినవాళ్లకు మార్టిన్ లూథర్ 1527లో జవాబు రాశాడు. బాధ్యతలున్నవాళ్లు రోగుల్ని వదలకూడదన్నాడు, మందు వేసుకోమన్నాడు, అవసరం లేనిచోటికి పోయి రోగం అంటించవద్దన్నాడు. 500 ఏళ్ల కిందటే తేలిన సంగతి ఇది. 2021లో నాందేడ్ జిల్లాలో మార్చి 25 నుంచి ఏప్రిల్ 4 దాకా లాక్‌డౌన్ పెట్టారు. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 2న, ఈస్టర్ సరిగ్గా 4న పడ్డాయి. మందిరం మూసి ఉన్న ఈస్టర్ మాకు బాధే. ఐనా మళ్లీ అలాంటి రోజే వస్తే మళ్లీ మూస్తాం. తాళం వేసిన మందిరాన్ని హింస కింద చెప్పుకోం. ఆ రోజుల్లో గుడి, మసీదు, గురుద్వారాల మీదా అవే ఆంక్షలున్నాయి.

ప్రతి కూడిక పరిధిలో ఇద్దరు ఆక్సీమీటర్ పెట్టడం, చూడటం నేర్చుకుని ఉండాలి. గోళ్ల రంగు తీసేయించాలి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, అంకె నిలకడగా నిలిచేదాకా ఆగాలి. 94 కంటే తగ్గితే ప్రార్థన దారిలో చేసుకోవచ్చు, ముందు బండి పిలవాలి. విష్ణుపురిలోని డాక్టర్ శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి ఏ దారిన వెళ్లాలో, రాత్రిపూట ఏ ఆటో అన్న వస్తాడో గోడ మీద రాసి ఉండాలి.

మావాళ్లలో ఎక్కువమంది చేయగలిగిన సాయం ఒకటుంది, దాన్ని సాయం అని ఎవరూ అనుకోరు. అది కాగితాలు నింపడం. తెలంగాణ నుంచి పనికి వచ్చిన కూలీకి మరాఠీ రాదు, రేషన్ కార్డు అక్కడిది. భర్త పోయిన ఆడమనిషికి మృత్యు దాఖలా కావాలి, ఆసుపత్రి రిపోర్టు కావాలి. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిర్ణయానికి సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో ఆమోదం తెలిపింది. కానీ ఆ ఆన్‌లైన్ ఫారం ముందు కూర్చుని, ఆధార్‌లో ఒక పేరు, దాఖలాలో ఇంకో పేరు ఉంటే దిక్కుతోచనివాళ్లెందరో! మరాఠీ చదవగలిగిన మా పిల్లలు, రిటైరైన గుమాస్తాలు వారానికి ఒక సాయంత్రం ఈ పనికి కూర్చోవాలి. ఒక్క రూపాయి తీసుకోకూడదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన పిల్లల్ని ఎవరూ సొంతంగా హాస్టళ్లకు తరలించకూడదు. 1098కి ఫోన్ చేయాలి, జిల్లా బాలల సంక్షేమ సమితికి తెలపాలి. మేనమామో, నాయనమ్మో పెంచగలిగితే వాళ్ల ఇంటికే బియ్యం, ఫీజు పంపాలి. ఆ పిల్లలు తమ తల్లిదండ్రులు మొక్కిన దేవుడికే మొక్కుతూ పెరిగితే మా సాయం తగ్గదు. ఈ వాక్యం కొందరు విశ్వాసులకు మింగుడు పడలేదు. ఆలోచించే ఉంచాం.

2020 మే 8 తెల్లవారుజామున ఔరంగాబాద్ జిల్లా కర్మాడ్ దగ్గర పట్టాల మీద నిద్రపోతున్న 16 మంది వలస కూలీల మీదుగా గూడ్సు రైలు వెళ్లింది. జాల్నా నుంచి ఊళ్లకు నడిచిపోతూ అలసి పడుకున్నారు. ఆ లైను మా నాందేడ్ డివిజన్‌దే. మాలో రైల్వేవాళ్లు ఆ వార్త విన్న రోజు అన్నం ముట్టలేదు. నడిచిపోయేవాళ్లు ఎక్కడ ఆగుతారు, ఎక్కడ పడుకుంటారు అన్నది ఇకమీదట మా పని. బాసర వైపు, దెగ్లూర్ వైపు రోడ్ల మీద నీళ్లు, చెప్పులు, పడుకోవడానికి మందిరం వరండా ఇస్తాం. వరండాకు దుప్పట్లు ముందే కొనిపెడతాం.

చావు దగ్గర కూడా ఇదే తీరు. 2020 ఏప్రిల్‌లో చెన్నైలో కోవిడ్‌తో పోయిన డాక్టర్ సైమన్ హెర్క్యులస్‌ను భూస్థాపన చేయనివ్వకుండా జనం రాళ్లు రువ్వారు. చివరికి స్నేహితుడైన ఇంకో డాక్టరే పార పట్టి మట్టి కప్పాడు. మా సమాధుల తోటలో చోటు అడిగిన ఏ శవాన్నీ తిప్పి పంపం, అది ఏ శాఖ సంఘానిదైనా సరే. హిందువుల శవాన్ని మోసేవాళ్లు లేకపోతే గోదావరి ఒడ్డు శ్మశానానికి మేమే మోస్తాం. మంత్రాలు, నిప్పు, నీళ్లు వాళ్ల ఆనవాయితీ ప్రకారమే. అక్కడ మా పాటలు పాడం. ఇంటికొచ్చాక మౌనంగా ప్రార్థించుకునే హక్కు మాకెలాగూ ఉంది.

డబ్బు విషయం. విదేశీ విరాళాలు తీసుకోం. ఈ పనులన్నిటికీ ఒక నిధి పెట్టుకున్నాం, ప్రతి కుటుంబం నెలకు వీలైనంత అందులో వేస్తుంది. లెక్క తెలుగులో, మరాఠీలో రాసి మందిరం తలుపుకు అంటిస్తాం, దారినపోయే ఎవరైనా ఆగి చదువుకోవచ్చు. ఏటా జనవరి మొదటి ఆదివారం ఈ ప్రణాళిక అన్ని కూడికల్లో బిగ్గరగా చదవాలి. ఒప్పుకున్నవాళ్లు సంతకం పెట్టాలి, ఒప్పుకోనివాళ్లు లేచి కారణం చెప్పాలి. సంతకం పెట్టినవాళ్లకే రేషన్ నోటుబుక్కు, ఆక్సీమీటర్, వరండా తాళంచెవి అప్పగిస్తాం.