కాగితమేదండీ?

కిరాయి, రసీదు, దస్తావేజు, కరారునామా - ఉర్దూలోను తెలుగులోను చలామణి అవుతున్న మాటలివి. మాటలను ఇచ్చిపుచ్చుకున్నాము గాని, వాటి వెనుకనున్న హక్కులను గూర్చి మన విద్యార్థులు ఆలోచించుట అరుదు.

గత సంవత్సరము మా విద్యార్థి ఒకడు హైదరాబాదులో అద్దె గది ఖాళీ చేసినాడు. యజమాని పొరుగూరివాడు, పెత్తనమంతా మేనేజరుది. చేరిన మూడు నెలలకు నిర్వహణ రుసుమని ఒకటి, రాత్రి తొమ్మిది దాటి వచ్చినచో జరిమానా అని మరొకటి గోడమీద కాగితము వెలసినది. ఇదేమని అడిగినందుకు పరీక్షల వారములో నీళ్లు ఆగిపోయినవి. చివరకు గోడలకు రంగు వేయించవలెనని అడ్వాన్సు మొత్తము మినహాయించుకొన్నారు. అతని వెంట మేమును వెళ్లితిమి. "కాగితమేదండీ?" అని మేనేజరు అడిగిన ఒక్క ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయినది.

చట్టము లేక కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము, వేరే ఒడంబడిక లేనప్పుడు, నెలవారీ అద్దెదారుకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వవలెను. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము రసీదు పొందు హక్కును, సౌకర్యములను తెంచరాదను నియమమును చెప్పినది. అయితే కొత్త భవనములకు, ఎక్కువ అద్దెగల ఇండ్లకు అది వర్తించదు. 2021లో కేంద్రము రూపొందించిన మాదిరి అద్దె చట్టములో నివాస గృహమునకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, తగాదా నడుచుచున్నను యజమాని గాని మేనేజరు గాని నీరు, విద్యుత్తు నిలుపరాదనియు ఉన్నది. కాని అది మాదిరి మాత్రమే. రాష్ట్రము శాసనముగా చేసుకొన్నచోటనే దానికి బలము.

యజమానుల పక్షమును మేము కాదనము. అద్దె ఎగవేసి పోవువారు లేకపోలేదు. అద్దెమీదనే బ్రతుకు వెళ్లదీయు వృద్ధులును కలరు. నియమములు ఉండవలసినదే. అయితే నియమము గదిలో చేరకముందు తెలుపవలెను. రుసుమునకు లెక్క చూపవలెను. చేరిన పిదప ఒకరు తమ ఇష్టముగా వ్రాసినది ఒప్పందము కానేరదు.

కనుక విద్యార్థులకు మా మనవి: డబ్బు చేతికిచ్చుటకు ముందే అద్దె, అడ్వాన్సు, ఇతర రుసుములు, ఖాళీ చేయు షరతులు వ్రాతలో ఉంచుకొనుడు. చేరిన నాడే గోడల ఫోటోలు తీయుడు. ప్రతి చెల్లింపునకు రసీదు అడుగుడు. రసీదు అడుగుట అవమానించుట కాదు, ఇరువురికీ రక్షణ.

కళాశాల కమిటీవారికి ఒక సూచన: ఉర్దూ, తెలుగు భాషలలో ఒక నమూనా కరారునామా అచ్చువేయించి, హాస్టలులో చోటు దొరకని ప్రతి విద్యార్థికి ప్రవేశ సమయముననే అందజేయుడు. ఖర్చు స్వల్పము. మరొక విద్యార్థి వెంట వెళ్లి మేము మరల మౌనముగా తిరిగి రాకుండుటకు అది చాలును.