ఎన్నింటికి వెనక్కి తిరిగారు?

కొండల్లో ఎవరైనా పోయారని వార్త రాగానే మనవాళ్ళు రెండు జట్లవుతారు. ఒక జట్టు 'ఇంటిపట్టున ఉండక ఎందుకు పోవాలి అక్కడికి' అని చచ్చినవాళ్ళకే చీవాట్లు పెడుతుంది. రెండోది 'హిమాలయాల ఒడిలో శాశ్వత నిద్ర' అంటూ కొవ్వొత్తులు వెలిగిస్తుంది. ఈ రెండు జట్ల మీదా నాకు ఒకటే కోపం. ఒక్కరూ ఆ వార్తను చదవలేదు.

చదివినవాడు అడుగుతాడు. తెల్లారి ఎన్నింటికి బయల్దేరారు? ఎన్నింటికి వెనక్కి తిరగాలనుకున్నారు, ఎన్నింటికి తిరిగారు? రాత్రి తలనొప్పి, వాంతులు అన్న మనిషిని కిందికి దించారా, మాత్ర మింగించి పైకి నడిపించారా? అంతమందికి గైడ్లెందరు? ఫోను పనిచెయ్యని చోట కబురెలా పంపారు?

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన ట్రెక్కింగ్ బృందం మంచు తుఫానులో చిక్కుకుంది. 9 మంది పోయారు. నేను చదివిన తెలుగు వార్తల్లో తుఫాను ఉంది, వాయుసేన హెలికాప్టర్ ఉంది, మృతుల ఊర్లున్నాయి. చలి మనిషినెలా చంపుతుందో ఒక్క వాక్యం లేదు. చలికి చావడానికి సున్నా డిగ్రీలు అక్కర్లేదు. తడిబట్ట, గాలి, అలసట కలిస్తే చాలు. మాట ముద్దవుతుంది, కాళ్ళు తూలతాయి. గడగడా వణికిన మనిషి బట్టలు ఆరకుండానే, ఒళ్ళు వెచ్చబడకుండానే వణకడం మానేశాడంటే తేరుకున్నాడని కాదు, ముదిరిందని. ఈ నాలుగు ముక్కలు అచ్చయితే వచ్చే ఏడు వెళ్ళే కుర్రాడికి పనికొచ్చేవి. హెలికాప్టర్ ఫొటో ఎవడికి పనికొస్తుంది?

అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచీ ఏటా పర్వత ప్రమాదాల మీద పుస్తకం వేస్తోంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, అంతే. శోకాలుండవు, శాపనార్థాలుండవు. 1996 మే 10న, ఎవరెస్ట్ మీద తుఫాను ప్రాణాలు తీసిన రోజున, వెనక్కి తిరగాల్సిన మధ్యాహ్నం 2 గంటలు దాటినా కొందరు పైకే నడిచారని ఇవాళ ప్రపంచానికి తెలుసంటే, బతికి దిగినవాళ్ళు పుస్తకాలు రాసి, ఒకరినొకరు తప్పుపట్టుకుని, అచ్చులో కొట్టుకున్నారు కాబట్టి. ఆ తగువు చేసిన మేలు ఏ సంతాప సభా చెయ్యలేదు. అదే తుఫానులో ఉత్తరం వైపు మన ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు (ఐటీబీపీ) వాళ్ళు ముగ్గురు పోయారు. వాళ్ళ చివరి గంటల మీద తెలుగులో పుస్తకం ఉంటే చూపించండి. నేను చూడలేదు. మన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్‌లో ఒంటరిగా ఎక్కుతూ పోయాడు. ఆయన ఘనత మనకు కంఠతా వచ్చు. ఆ చివరి ఎక్కుడు గురించి అడగండి, నీళ్ళు నములుతారు.

ఎందుకిలా? ప్రకృతిని నిందిస్తే అందరికీ సుఖం. ప్రకృతి మీద కేసు పెట్టలేం గదా! 'మొదటిసారి వచ్చేవాళ్ళకీ సులువే' అని టూరు అమ్మినవాడు వచ్చే శనివారం ఇంకో బ్యాచ్ తోలుకుపోతాడు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని మింగినప్పుడూ విధి అన్నవాళ్ళున్నారు. నది తనంతట తాను పొంగలేదు. ఎగువన లార్జీ డ్యామ్ నీళ్ళు వదిలారు. ఆ రాష్ట్ర హైకోర్టు విధిని నమ్మలేదు. నిర్లక్ష్యమేనని తేల్చి ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇమ్మంది. కోర్టు కూడా మనలాగే చదివి ఉంటే ఆ తల్లిదండ్రులకు దక్కేది ఒక్క మాట సానుభూతి.

పత్రిక డెస్కులో కూర్చున్న బాబూ, మళ్ళీ వేసవి వస్తుంది, మళ్ళీ అలాంటి వార్తే నీ ముందుకొస్తుంది. మృతుల ఇళ్ళకు ఫోన్ చేసి 'మీకెలా అనిపిస్తోంది' అని అడక్కు. ఆ టూరు అమ్మినవాడికి చెయ్. 'వాతావరణం సార్, మన చేతుల్లో ఏముంది' అంటాడు. ముందురోజు వాతావరణ శాఖ బులెటిన్ చూశావా అని అడుగు. చూశానంటే, చూసీ ఎందుకు తీసుకెళ్ళావో అడుగు. వాడు ఫోన్ పెట్టేస్తే, పెట్టేశాడని రాయి.